బస్తరులో ఒక డ్రిల్లు మరమ్మతు

విశాఖపట్నము నుండి బస్తరుకు రోడ్డు మార్గమున్నప్పటికీ, మన కర్మాగారములో పనిచేయువారికి కె.కె. లైను మీదుగా పోవుటలో ఉన్న తృప్తి వేరు. మన బ్లాస్ట్ ఫర్నేసులలో కరిగే ఇనుప రాయి వచ్చేది ఈ దారినే. కొత్తవలస దాటినది మొదలు కొండలు, సొరంగములు, అరకు లోయ, ఆ పైన కొరాపుట్ పీఠభూమి. ఎదురుగా ఎర్రని ధూళి కప్పుకొన్న వ్యాగన్ల బారు ఒకటి దాటిపోవుచుండగా లెక్కపెట్టనారంభించిన పిల్లలు సగములోనే విసిగి మానుకొన్నారు. జపాను వారి సహకారముతో 1960 దశకములో వేసిన ఈ లైను చివర బైలడిల కొండలున్నవి. బైలడిల అనగా ఎద్దు మూపురము. దూరము నుండి చూచినవారికి ఆ పేరు ఎందుకు వచ్చినదో ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడి కిరందుల్ గని 1968లో ఉత్పత్తి ప్రారంభించినది.

మేము ఆరుగురు మిత్రులము, ముగ్గురి కుటుంబములతో, దీపావళి సెలవులలో జగదల్‌పూర్‌లో దిగినాము. చిత్రకోట జలపాతము చూచుట ఒక పని. రెండవది, అక్కడికి ఆవల ఒక గ్రామములో ఉన్న ఆశ్రమ పాఠశాలలో పిల్లల వసతి గదుల కిటికీలకు దోమల జాలీలు బిగించుట. జాలీల చట్రములు మా చందాలతో ఇక్కడే చేయించి వెంట తీసుకొనిపోయినాము. బస్తరులో మలేరియా ఎంత పాత శత్రువో ఆ ప్రాంతములో పనిచేసి వచ్చిన మన ఉద్యోగులకు తెలియును. 2020 జనవరిలో ప్రారంభించిన ‘మలేరియా ముక్త బస్తర్’ కార్యక్రమములో ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి, జ్వరము లేనివారికి కూడా రక్తపరీక్షలు చేసినారు. జ్వరము లేకుండానే పరాన్నజీవిని రక్తములో మోయుచున్న వారు అక్కడ ఎందరో ఉండుటయే అందుకు కారణము. ఒకే గదిలో ముప్పది మంది పిల్లలు పడుకొనే చోట జాలీ లేని కిటికీ ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనేల?

కిటికీలు 22. సోమవారము పిల్లలు తిరిగి వచ్చెదరు. మేము శుక్రవారము మధ్యాహ్నము పని మొదలుపెట్టినాము. కిటికీ ద్వారబంధములు పాత సాల కలపవి. సాల కలపలో ముందుగా రంధ్రము చేయనిదే స్క్రూ ఒక్క చుట్టు కూడా దిగదు. అక్కడ కరెంటు ఎప్పుడు వచ్చునో ఎప్పుడు పోవునో నిశ్చయము లేదు గనుక మా మిత్రుడొకరు నాలుగేండ్లుగా వాడుచున్న 18 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్లును వెంట తెచ్చినారు. చీకటి పడులోగా ఎనిమిది కిటికీలు పూర్తియైనవి. రాత్రి కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీ ఛార్జింగుకు పెట్టినాము. శనివారము ఉదయము తొమ్మిదవ కిటికీ వద్ద డ్రిల్లు రెండు సెకండ్లు తిరిగి ఆగిపోయినది. మీట వదలి మరల నొక్కగా మరల రెండు సెకండ్లు తిరిగి ఆగినది. ఛార్జరు మాత్రము నిండినదని పచ్చదీపము చూపుచున్నది.

ఇంజనీర్లు నలుగురు చేరినచోట అభిప్రాయములు ఐదు. ఒకరు మీటలో ధూళి చేరినదనిరి, ఒకరు కార్బను బ్రష్షులు అరిగినవనిరి. మొదట బ్యాటరీ కూర్చొనే ఇత్తడి పలకలను స్పిరిటుతో తుడిచినాము. ఫలితము లేదు. బ్రష్షులు తీసి చూడగా ఇంకను సగము పైగా మిగిలియున్నవి. అప్పుడు మా విద్యుత్ విభాగపు మిత్రుడు మంచి ఉపాయము చేసినారు. మేము వచ్చిన జీపు బ్యాటరీ నుండి రెండు తీగలు లాగి, ధన ఋణ గుర్తులు సరిచూచి, డ్రిల్లు పలకలకు తాకించినారు. పాత తరహా సాదా యంత్రము గనుక 12 వోల్టులతో మెల్లగా తిరిగినది గాని, మధ్యలో ఆగలేదు. మోటారు, మీట, బ్రష్షులు నిర్దోషులని ఒక్క నిమిషములో తేలిపోయినది.

మిగిలినది బ్యాటరీ. ఇందులో రెండేసి సెల్లుల జతలు ఐదు వరుసగా ఉండును. లిథియం అయాన్ సెల్లు నిండుగా ఛార్జి అయినప్పుడు 4.2 వోల్టులు చూపును. ఆ లెక్కన మొత్తము 21 వోల్టులు ఉండవలెను. మల్టీమీటరు 19.3 చూపినది. 1.7 వోల్టుల లోటు అన్ని జతలలో సమానముగా ఉన్నట్లయితే డ్రిల్లు కొంతసేపైనా నడిచి ఉండెడిది. కాబట్టి ఏదో ఒక జతలోనే లోటంతయు ఉండవలెనని ఊహించినాము. బరువు పడగానే ఆ జత వోల్టేజి కూలిపోవుట, రక్షణ సర్క్యూటు వెంటనే సరఫరా తెంచివేయుట, ఇదియే రెండు సెకండ్ల రహస్యము.

తయారీదారు సేవాకేంద్రమునకు ఫోను చేయగా, బ్యాటరీలు విప్పరనియు, కొత్తది కొనవలసినదేననియు, అది చేరుటకు వారము పట్టుననియు సమాధానము వచ్చినది. 2022లో మన కేంద్ర ప్రభుత్వము ‘మరమ్మతు హక్కు’ విషయమై ఒక సంఘమును నియమించి, ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టలును కూడా ప్రారంభించినది. ఆ హక్కు చిత్రకోట ఆవలికి చేరుటకు ఇంకను కొంత సమయము పట్టునేమో!

పాఠశాల గురూజీ జగదల్‌పూర్‌లో ఈ-రిక్షా బ్యాటరీలు బాగుచేయువాడొకడున్నాడని చెప్పినారు. ముగ్గురము జీపులో బయలుదేరినాము. మిగిలినవారు ఊరి వడ్రంగి వద్ద బర్మా అరువు తెచ్చుకొని చేతితో రంధ్రములు చేయుటకు పూనుకొన్నారు. ఆ విధముగా ఒక్కొక్క కిటికీకి గంటకు పైగా పట్టును.

దారిలో వారపు సంత. ఇప్పపువ్వు, చింతపండు, ఆకుదొన్నెలలో ఎర్రచీమల పచ్చడి. ఒక కమ్మరి కొడవళ్ళకు పదును పెట్టుచున్నాడు. పూర్వము బస్తరు కమ్మరులు చిన్న మట్టి కొలుములలో, బొగ్గుతో, కొండరాయి నుండి ఇనుము తీసెడివారు. ఇప్పుడు కొండగావ్ ప్రాంతపు కమ్మరులు ఎక్కువగా పాత ఇనుమునే కాచి, కొట్టి, దీపస్తంభములు, జంతువుల బొమ్మలు చేయుచున్నారు. ఉక్కు కర్మాగారములో ముప్పది ఏండ్లు పనిచేసిన మేము ఆ కొలిమి ముందు నిలబడి, నిప్పు రంగునుబట్టి అతడు వేడిని అంచనా కట్టుట చూచి ఆశ్చర్యపోయినాము. పైరోమీటరు లేదు, పొరపాటూ లేదు.

దుకాణము చిన్నది. అందులో యువకుడు మా మాట వినగానే, “మీరు వైజాగ్ నుంచా సార్? మాదీ శ్రీకాకుళం వైపే. మా తాతగారు రైలు పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు” అన్నాడు. బస్తరులో తెలుగు వినబడుట వింత కాదు. ఓరుగల్లు పతనానంతరము వచ్చిన అన్నమదేవుని సంతతిగా అక్కడి రాజవంశము చెప్పుకొన్నది. దక్షిణాన భోపాలపట్నం, కొంటా వైపు నేటికీ తెలుగు మాట్లాడెదరు. “అయితే మనవాడివే తమ్ముడూ, కొంచెం తొందరగా చూడు” అన్నాము. “తొందరపడితే ఇది అంటుకుంటుంది సార్” అని నవ్వి, ఇసుక నింపిన బకెట్టును దగ్గరకు జరుపుకొన్నాడు.

డబ్బా విప్పి కొలువగా నాలుగు జతలు 4.1, ఒకటి 2.9. నాలుగు సెల్లుల జతలు నిండగానే ఛార్జరు ఆగిపోవుట వలన ఐదవది ఎన్నటికీ నిండుట లేదు. అతడు ఆ జతను కలిపే నికెలు పట్టీని కత్తిరించి, రెండు సెల్లులను విడదీసి బల్లమీద పెట్టి, “రెండు గంటలాగి రండి సార్. ఏది దొంగో అదే చెబుతుంది” అన్నాడు.

ఆ వ్యవధిలో దంతేశ్వరీ దేవాలయమునకు పోయినాము. డెబ్బదిఐదు రోజుల పాటు జరిగే బస్తరు దసరా రథమును ఏటేటా ఈ దేవాలయ ప్రాంతములో కొత్తగా నిర్మించెదరు. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామముల వారికి అది పరంపరగా వచ్చిన విధి. బాడిస, ఉలి వంటి చేతి పనిముట్లతోనే, మేము డ్రిల్లు లేనిదే రంధ్రము చేయలేకపోయిన అదే సాల కలపతో, ఎనిమిది చక్రముల రథమును నిలబెట్టెదరు. మా మిత్రుడు ఏమీ అనలేదు గాని, చేతిలోని మల్టీమీటరును జేబులో వేసుకొన్నారు.

తిరిగి వచ్చునప్పటికి ఒక సెల్లు 2.9 వద్దనే నిలిచియున్నది. రెండవది 2.7కు దిగినది. లోపల కారిపోవుచున్న ఈ సెల్లు తనతోపాటు తోటిదానిని కూడా క్రిందికి లాగుచుండెను. రెండింటినీ మార్చవలెను. అతని వద్ద ల్యాప్‌టాపుల నుండి తీసిన సెల్లులు కుప్పగా ఉన్నవి. చూచుటకు అచ్చముగా ఇవే, 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు. మేము వాటివైపు చూచుట గమనించి, “అవి పనికిరావు సార్. డ్రిల్లు ఒక్కసారిగా ఇరవై ఆంపియర్లు లాగుతుంది. వేడెక్కి పోతాయి. రేపు ఆ పిల్లల గదిలోనే మీరు ఛార్జింగు పెడతారు కదా?” అన్నాడు. వంతెన పనివారు వదలివేసిన మరియొక పనిముట్టు బ్యాటరీ నుండి ఎక్కువ కరెంటు ఇచ్చే సెల్లులు రెండు వెదకి, వాటి అంతర్నిరోధము కొలిచి, 4.1 వోల్టులకు ఛార్జి చేసిన పిదప మాత్రమే జోడించినాడు. సోల్డరింగు వేడికి సెల్లు చెడును గనుక పట్టీలను స్పాట్ వెల్డింగుతో అతికినాడు. కొన్ని బ్యాటరీలలో రక్షణ సర్క్యూటు ఒకసారి తెగినచో శాశ్వతముగా బిగుసుకొనిపోవును. మాది అట్టిది కాకపోవుట అదృష్టము. మీటరు 20.5 చూపినది. మరమ్మతుకు 900 రూపాయలు తీసుకొన్నాడు.

రాత్రి ఎనిమిదింటికి పాఠశాల చేరుసరికి మావారు బర్మాతో ఐదు కిటికీలు ముగించి, అరచేతులకు కొబ్బరినూనె రాసుకొని కూర్చున్నారు. మిగిలిన తొమ్మిదింటిని ఆదివారము మధ్యాహ్నములోగా డ్రిల్లుతో పూర్తిచేసినాము. చివరి కిటికీ బిగించునప్పటికి ముందుగానే వచ్చిన నలుగురు పిల్లలు స్క్రూలు అందించుచున్నారు. సాయంకాలము చిత్రకోట వద్ద ఇంద్రావతి సుమారు 29 మీటర్ల ఎత్తునుండి దూకుచుండగా చూచినాము. వానలు వెనుకబడిన కాలము గనుక నది కొన్ని పాయలుగా చీలి పడుచున్నది.

ఇంట్లో ఇటువంటి పనిముట్లు ఉన్న ఉద్యోగులు ఛార్జరు పచ్చదీపమును మాత్రమే నమ్మక, నెలకొకసారి వోల్టేజి కొలుచుట మంచిది. డబ్బా విప్పుట మాత్రము తెలిసినవారికే వదలవలెను. ఒక సెల్లు రెండు వోల్టుల క్రిందికి దిగినచో దానిని మరల ఛార్జి చేయుటయే ప్రమాదము. మా డ్రిల్లు నేటికీ నడుచుచున్నది. తీసివేసిన రెండు సెల్లులకు కొసలు టేపుతో చుట్టి, వెంట తెచ్చి, టౌన్‌షిప్పులో ఈ-వ్యర్థముల పెట్టెలో వేసినాము.