జతలో తగ్గు ఎద్దు నడకే బండి నడక

శివరాత్రి దగ్గర పడుతోంది. కోటప్పకొండ తిరునాళ్లకు ఇంకా ఎడ్లబండి కట్టుకుని పోయేవాళ్లు మన పల్లెల్లో కొద్దిమందే మిగిలారు. ఆ కొద్దిమంది కోసం, ముఖ్యంగా కొత్తగా పగ్గాలు పట్టే కుర్రాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

నరసరావుపేట నుంచి కొండ సుమారు 12 కిలోమీటర్లు. బండి కట్టిన ఎద్దు గంటకు 3, 4 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే 3, 4 గంటల దారి. మీ ఊరు ఇంకా ఎడం అయితే ఆ లెక్కన ముందే బయలుదేరాలి. ఆలస్యంగా కట్టి దారిలో తోలి కలుపుకుందాం అనుకుంటే ఎద్దు మీద పడిద్ది.

అసలు ఇబ్బంది ముందు బండితో వచ్చిద్ది. ముందు జత జోరుగా పోతుంటే మన ఎడ్లూ వాటంతట అవే ఊపందుకుంటాయి. మనకీ లోపల పౌరుషం లేస్తది. కానీ జతలో రెండూ ఒక్క బలంగా ఉండవు. వలపటది లాగుతుంటే దాపటది వెనకబడి, కాడి ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు పగ్గం బిగబట్టాల్సింది బలమైనదానికి. ముల్లుగర్రతో పొడవాల్సింది తగ్గుదాన్ని కాదు.

కొన్నేళ్ల కిందట మా పక్క ఊరి రైతు జత ఇట్టాగే ముందు బళ్లను అందుకోబోయింది. కొండ ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా ఒక ఎద్దు నాలుక బయటపెట్టి, నురగ కక్కి రోడ్డు పక్కన పడిపోయింది. నీళ్లు పోసి, డాక్టరుని పిలిపించి బతికించారు. బతికింది గాని ఆ వేసవి దుక్కులకు పనికి రాలా. ఆయన అద్దె ట్రాక్టరుతో దున్నించుకున్నాడు.

అమెరికాలో కాలిఫోర్నియాలో 1955 నుంచి టెవిస్ కప్ అని గుర్రాల పందెం ఒకటి జరుగుతోంది. కొండల్లో 100 మైళ్లు, 24 గంటల్లో పూర్తి చేయాలి. దారిలో పశువుల డాక్టర్లు ఆపి నాడి చూస్తారు. నాడి దిగకపోయినా, కుంటుతున్నా ఆ గుర్రాన్ని అక్కడే ఆపేస్తారు. ముందొచ్చిన 10 గుర్రాల్లో ఒళ్లు అన్నిటికన్నా బాగున్నదానికి హాగిన్ కప్ అని విడిగా ఇస్తారు. పందెం కట్టినోళ్లే అంత చూస్తుంటే, దేవుడి దగ్గరకు పోయే మనం ఇంకెంత చూడాలి?

మనకు డాక్టర్లు అక్కర్లా. గంటకోసారి చెట్టు కింద ఆపి కాడి దించండి. డొక్కల వంక చూసి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. కాసేపాగి మళ్లీ లెక్కపెట్టండి. తగ్గితే కట్టండి, తగ్గకపోతే ఇంకాసేపు ఆగండి. శివరాత్రికి చలి పోద్దంటారు, పోయినచోటికి ఎండ వచ్చిద్ది. తారు రోడ్డు వేడి వేరే. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బండి ఎడ్లను రోజుకు 9 గంటలు మించి, ఆపకుండా 5 గంటలు మించి తోలకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టనే కూడదు.

ఇక తోటి బళ్ల సంగతి. ముందు బండికి మన ఎడ్ల మూతులు తగిలేంత దగ్గరగా పోవద్దు. అది ఠక్కున ఆగితే దెబ్బ మన ఎడ్లకే. దాటాలంటే ముందు కేకేసి, కుడివైపు నుంచి నిదానంగా దాటండి. పక్క జత దగ్గర చర్నాకోల ఝుళిపించొద్దు, అవి బెదురుతాయి. బరువు బండి ఎదురైతే ఖాళీ బండే పక్కకు తప్పుకోవాలి. రాత్రి బండి వెనక లైటో రేడియం స్టిక్కరో ఉండాలి.

నీళ్ల తొట్టి దగ్గర ఇంకో మాట. మన ఎడ్లు తాగాయి గదా అని వెంటనే కదలొద్దు. పక్క జత సగంలో తలెత్తి మన వెంటబడుద్ది, దాహం తీరదు. అవి కూడా తాగేదాకా ఒక్క చుట్ట కాల్చుకునేంత సేపు ఆగితే పోయేదేం లేదు.

ముందొచ్చిన బండికి ఒక దర్శనం, వెనకొచ్చిన బండికి ఒక దర్శనం స్వామి ఇవ్వడు. తిరిగి ఇంటికొచ్చి ఆ రాత్రి ఎడ్లు రెండూ మేత మేసి, పడుకుని నెమరు వేస్తే మీ తిరునాళ్ల బాగా జరిగినట్టు.