దగ్గరున్న వాళ్ళకే బరువెక్కువ



ఇప్పపువ్వు ఎండబోస్తే చీమలు బారు కడతాయి. అది మనమందరం చూసిందే. కానీ ఆ బారును చూసి కంప్యూటరుకు లెక్క నేర్పారని మన సైన్సు మేడం చెప్పేదాకా నాకు తెలియదు.

చీమలకు మేస్త్రీ ఉండడు. తిండి దొరికిన చీమ తిరిగొచ్చేటప్పుడు నేల మీద ఒక వాసన పూస్తుంది. దాన్ని ఫెరోమోన్ అంటారు. వెనక వచ్చే చీమ వాసన ఎక్కువున్న దారి పడుతుంది. దగ్గర దారిలో చీమలు తొందరగా పోయి వస్తాయి కనుక అక్కడ వాసన తొందరగా పెరుగుతుంది. 1989లో బెల్జియం శాస్త్రవేత్తలు గూటికీ తిండికీ మధ్య ఒక పొట్టి దారి, ఒక పొడుగు దారి పెట్టి చూశారు. కాసేపటికి ఎక్కువ చీమలు పొట్టి దారే పట్టాయి. 1992లో ఇటలీలో మార్కో డోరిగో అనే ఆయన తన పరిశోధనలో ఈ చీమల పద్ధతిని కంప్యూటరు లెక్కగా మార్చారు.

ఇప్పుడు ఆ లెక్కను వైర్‌లెస్ సెన్సర్లకు కూడా వాడుతున్నారు. సెన్సర్ అంటే వేడి, తేమ లాంటివి కనిపెట్టే చిన్న పరికరం. తీగలుండవు, బ్యాటరీతో నడుస్తుంది. 2002లో అమెరికాలోని గ్రేట్ డక్ దీవిలో పక్షుల బొరియల దగ్గర ఇలాంటివి 32 పెట్టారు. మనుషులు మాటిమాటికీ పోతే పక్షులు బొరియ వదిలేస్తాయి కదా, అందుకని.

చాలా చోట్ల సెన్సర్లు ఒకదాని కబురు ఒకటి అందుకుని చివరనున్న పెద్ద పెట్టెకు చేరుస్తాయి. ఇక్కడే చిక్కు. పెట్టెకు దగ్గరున్న సెన్సర్ తన కబురే కాదు, వెనకున్న అందరి కబుర్లూ మోయాలి. దాని బ్యాటరీ ముందుగా అయిపోతుంది. అది ఆగిపోతే వెనకవి బాగానే ఉన్నా వాటి మాట ఎవరికీ చేరదు.

ఇది విన్నప్పుడు నాకు మా అక్క గుర్తొచ్చింది. అమ్మా అయ్యా కూలికి పోతే ఇంటి దగ్గరుండేది అక్కే. నీళ్ళు తెచ్చేది అక్కే, మేకలు కాసేది అక్కే, తమ్ముణ్ణి ఎత్తుకునేది అక్కే. ఐదో తరగతిలో బడి మానేసింది. మా ఇంట్లో తొమ్మిదికి వచ్చినదాన్ని నేనే అని అందరూ మెచ్చుకుంటారు. నేను ఇంత దూరం వచ్చింది అక్క మోస్తేనే.

ఆ చిక్కుకు శాస్త్రవేత్తలు చీమల లెక్కలోనే ఒక మార్పు చేశారు. కంప్యూటరు చీమ అంటే నిజం చీమ కాదు, ఒక చిన్న కబురు. అది దారి పొడుగు ఒక్కటే చూడదు. దారిలో ఎవరి బ్యాటరీ ఎంత మిగిలిందో కూడా రాసుకుంటుంది. బ్యాటరీ తగ్గిన దారికి వాసన తక్కువ పూస్తుంది. అప్పుడు కబుర్లు చుట్టు దారైనా సరే వేరేవాటి మీదుగా పోతాయి. దగ్గరున్నవాటి బరువు మొత్తం పోదు గానీ, ఒక్కదాని మీదే పడదు. అన్నీ ఎక్కువ రోజులు నడుస్తాయి.

ఇంట్లో కూడా అట్లా చేయొచ్చు. సెలవుల్లో నీళ్ళు నేను తెస్తాను. మేకల వెంట తమ్ముడు పోతాడు, వాడు ఇప్పుడు పెద్దోడే. 14 ఏళ్ళు దాటినవాళ్ళు ఓపెన్ స్కూల్లో పదో తరగతికి చేరొచ్చట. మా అక్కకు 17. చదవడం, రాయడం మర్చిపోలేదు.

వార్డెన్ మేడం గారూ, ఆ ఫారాలు ఎప్పుడిస్తారో కనుక్కుని చెప్పండి. ఇట్లాంటి అక్క ఎవరింట్లో ఉన్నా, మీరు కూడా మేడంకు పేరు ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని