వోకింగ్ మసీదు ముంగిట

గడచిన జులై మాసంలో నేను, నా సతీమణి లండన్ వెళ్ళాము. మా కుమారుడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. హైదరాబాదులో బయలుదేరి, గల్ఫ్ నగరమొకదానిలో విమానం మారాము. అక్కడ మా ముందు వరుసలో నల్లని అబాయా ధరించిన ఒక యువతి కూర్చున్నది. విమానం గాలిలోకి లేచిన కొంతసేపటికి ఆమె చిన్న సంచి చేతబట్టుకుని లోనికి వెళ్ళింది. తిరిగి వచ్చినపుడు అబాయా లేదు, తలపై వస్త్రమూ లేదు. నా మనసు చివుక్కుమన్నది. "చూశావా, సరిహద్దు దాటకముందే ధర్మం దాటిపోయింది!" అని నా సతీమణి చెవిలో అన్నాను. ఆమె బదులు పలుకలేదు.

లండన్ విమానాశ్రయంలో పాస్‌పోర్టు తనిఖీ కోసం బారులో నిలుచున్నాము. అధికారి గాజుగది దగ్గర పడుతున్నకొద్దీ నా చేయి తలపైకి వెళ్ళింది. నలభై ఏళ్ళుగా కర్నూలు వీధుల్లో నా తలను వీడని టోపీ మడతపడి జేబులో చేరింది. తీయమని ఎవరూ అనలేదు. నా వెనుకనే బుర్ఖాలో ఉన్న నా సతీమణిని అధికారి నాలుగు మాటలడిగి, ముద్ర వేసి పంపించాడు.

మూడవ నాడు అబ్బాయి మమ్మల్ని నగరం చూపించడానికి తీసుకువెళ్ళాడు. వేసవిలో అక్కడ పగలు సుదీర్ఘం. రాత్రి తొమ్మిది దాటితేగాని మగ్రిబ్ కాదు. మధ్యాహ్నం ఒంటిగంట దాటిన తరువాత మొదలయ్యే జుహర్‌కు సాయంత్రం దాకా వ్యవధి ఉంటుంది. హైడ్ పార్కులో ఒక చెట్టు నీడన నా సతీమణి శాలువా పరచి నమాజు చేసుకున్నది. నేను బల్ల మీదనే కూర్చుండిపోయాను. "ప్రయాణంలో ఉన్నాం కదా, తరువాత చూసుకుంటాను" అన్నాను. ఇంటికి చేరేసరికి జుహర్ వేళ దాటిపోయింది. మా ఊరి మసీదులో మొదటి వరుసలో నా స్థానం ఎవరూ ఆక్రమించరు. అలాంటి నేను, నన్నెరిగినవారు లేనిచోట ఒక నమాజును జారవిడుచుకున్నాను.

ఆ రాత్రి ఆమె మెల్లగా అన్నది: "విమానంలో ఆ అమ్మాయి తీసినది నలుగురికీ కనిపించింది. మీరు తీసినది నాకొక్కదానికే కనిపించింది."

మరుసటి ఆదివారం వాటర్లూ స్టేషనులో రైలెక్కి వోకింగ్ వెళ్ళాము. సుమారు అరగంట ప్రయాణం. స్టేషనుకు సమీపంలో, చెట్ల నడుమ, ఆకుపచ్చని గుమ్మటంతో చిన్న మసీదు ఉన్నది. బ్రిటన్‌లో మసీదుగానే కట్టబడిన తొలి భవనం ఇది. లైట్నర్ అనే విద్వాంసుడు 1889లో దీనిని కట్టించాడు. ధనసహాయం చేసిన భోపాల్ రాణి షాజహాన్ బేగం పేరుతోనే నేటికీ ఇది షాజహాన్ మసీదుగా పిలువబడుతున్నది.

ఆ ముంగిట నిలుచుంటే ఆమె కుమార్తె సుల్తాన్ జహాన్ బేగం జ్ఞాపకం వచ్చింది. 1911లో అయిదవ జార్జి పట్టాభిషేకానికి ఆ రాణి బుర్ఖాతోనే లండన్ వచ్చింది. రాజులు, రాణులు నిండిన సభలో ఆమె పరదా మారలేదు. 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ అయినదీ ఆమెయే. జీవితపు చివరి సంవత్సరాలలో ముఖంపై ముసుగు విషయమై ఆమె అభిప్రాయం మారింది. ఆ అభిప్రాయంతో ఏకీభవించేవారు, ఏకీభవించనివారు ఉండవచ్చు. కాని ఆ మార్పు స్వదేశంలో, తనవారి ఎదుట, ఆలోచించి చేసుకున్నది. విదేశీయుల చూపుకు జడిసి చేసుకున్నది కాదు.

వోకింగ్ తరువాతి స్టేషను బ్రూక్‌వుడ్. అక్కడి విశాలమైన శ్మశానవాటికలో మార్మడ్యూక్ పిక్తాల్ సమాధి ఉన్నది. ఈ ఆంగ్లేయుడు 1917లో, తన దేశంలోనే, తనవారి మధ్యనే ఇస్లాం స్వీకరించినట్లు ప్రకటించాడు. 1925లో హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యాడు. నిజాం సంస్థానంలో పనిచేస్తూనే ఖుర్ఆన్‌ను ఆంగ్లంలోకి అనువదించి 1930లో ప్రచురించాడు. చుట్టుపక్కలవారికి పరాయిదైన ధర్మాన్ని ఆయన బహిరంగంగా ప్రకటించుకోగలిగాడు. తాతముత్తాతల నుండి వచ్చిన దానిని నేను జేబులో దాచుకున్నాను.

ప్రయాణీకుని కష్టం ఎరిగినవాడు అల్లాహ్. అందుకే నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుకు కుదించాడు. రమజాన్ ఉపవాసాన్ని వేరే దినాలకు వాయిదా వేసుకునే వెసులుబాటు ఇచ్చాడు. నీరు దొరకనిచోట తయమ్ముమ్ నేర్పాడు. కుదించమన్నాడేగాని వదలివేయమనలేదు. పైగా నేను నెలన్నర ఉండే సంకల్పంతో కుమారుని ఇంట దిగాను. ఒకేచోట పదిహేను రోజులుండ సంకల్పించినవాడు హనఫీ మస్లక్ ప్రకారం ముసాఫిరే కాడు. నేను చెప్పుకున్నది సడలింపు కాదు, సాకు.

దేశాన్ని బట్టి వేషం మారడానికి కారణాలు అనేకం. ముఖం కప్పుకోవడాన్ని బహిరంగ ప్రదేశాలలో నిషేధిస్తూ ఫ్రాన్స్ 2010లో చట్టం చేసింది; అక్కడ అడుగుపెట్టే సోదరి సంకటం వేరు. సౌదీ అరేబియా 2019లో విదేశీ పర్యాటకులకు ద్వారాలు తెరచినపుడు, పర్యాటక స్త్రీలు అబాయా ధరించనక్కరలేదని, మర్యాదైన దుస్తులు చాలునని ప్రకటించింది. అంతకుముందు అక్కడ దిగేటపుడు అబాయా తొడుక్కుని, తిరుగు విమానంలో మడతపెట్టిన మన ఊళ్ళ స్త్రీలూ ఉన్నారు. అది ఆ దేశపు నియమానికి ఇచ్చిన గౌరవం కావచ్చు. ఇన్ని కారణాలలో ఆ యువతిది ఏదో నేనెరుగను. ఇంట్లోవారి బలవంతమే ఆమెకు అబాయా తొడిగించిందేమో! ఒకటి మాత్రం తెలుసు. చూపులు వాల్చుకోమని దివ్యఖుర్ఆన్ 'నూర్' సూరాలో ముందుగా ఆదేశించినది పురుషులను. నేను ఆ ఆదేశం మరచి ఆమె వస్త్రాలను లెక్కించాను, నా తలను చూసుకోలేదు.

ఇరుగుపొరుగు కళ్ళు నిలబెట్టిన అలవాటు ఆ కళ్ళు కనుమరుగు కాగానే కూలుతుంది. అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుక నిలబెట్టినది ఏ విమానంలోనైనా మనతోనే వస్తుంది. సరిహద్దు దాటినపుడే మనలో ఏది ఎంతో తేలుతుంది. ఇది తెలుసుకోవడానికి నాకు అరవై రెండేళ్ళు, ఏడువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం అవసరమయ్యాయి.

మసీదు మెట్టు దగ్గర చెప్పులు విడిచి, జేబులోని టోపీ తీశాను. మడత గట్టిపడిపోయి ఉన్నది. సరిచేసి తలపై పెట్టుకుని లోనికి వెళ్ళి, పోగొట్టుకున్న జుహర్‌ను కజాగా నెరవేర్చాను.

తరువాతి వారం మరల అదే హైడ్ పార్కుకు వెళ్ళాము. జుహర్ వేళకు నా సతీమణి శాలువా పరచింది. ఈసారి నేను ముందు నిలిచాను, ఆమె వెనుక నిలిచింది. సలాం చెప్పి ముఖం తిప్పేసరికి, కుక్కను నడిపిస్తున్న వృద్ధుడొకడు మమ్మల్ని చుట్టుకుని గడ్డి మీదుగా వెళ్ళిపోతున్నాడు. వెనుదిరిగి చూడనైనా లేదు.