జ్ఞానస్నాన పుస్తకపు అంచు

విచారణ చరిత్ర వ్రాయబూనినవారు సాధారణంగా దేవాలయం ఎవరు కట్టించినారు, గంట ఏ దేశం నుండి వచ్చినది, ఏ గురువు ఎన్ని సంవత్సరాలు ఉన్నారు అన్న సంగతులతో ప్రారంభిస్తారు. రైలు పట్టణంలో ఆ పద్ధతి అంతగా పనికిరాదు. అక్కడ గురువులూ మారుతారు, జనమూ మారుతారు. కదలకుండా ఉండేది గురుగృహంలోని బీరువాలో భద్రపరచిన జ్ఞానస్నాన పుస్తకం ఒక్కటే.

ఖరగ్‌పూర్ అటువంటి పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ మేదినీపూర్ జిల్లా ఎర్రమట్టి నేలలో ఒక కూడలిని, దాని ప్రక్కన ఒక పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పినది. 1900లో హౌరాకు దారి కలిసినది. 1902లో వాల్తేరు, కటకముల మధ్య నున్న తూర్పుతీరపు మార్గం ఆ కంపెనీ చేతికి వచ్చినది. అంతటితో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు పల్లెలకు ఖరగ్‌పూర్ పరదేశం కాకుండా పోయినది. ఒకడు కుదురుకుంటే తమ్ముణ్ణి పిలిపించుకొనేవాడు, తమ్ముడు బావమరిదిని. రైల్వే కాలనీ అంచున, ఝపటాపూర్ వంటి పేటలలో, బెంగాలీ, హిందీ, ఒడియా మాటల నడుమ ఉత్తరాంధ్రపు యాస కాపురం పెట్టినది.

వచ్చినవారిలో కొందరు క్రైస్తవులు. వారందరూ కథోలికులు కారు; శ్రీకాకుళం, బొబ్బిలి ప్రాంతాలలో కెనడా బాప్తిస్టు మిషనువారి ప్రభావం తక్కువది కాదు. కథోలికుల సంగతి వేరొక త్రోవ. విశాఖపట్టణం వైపు ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు 1846 నుండి పనిచేస్తున్నారు. బెంగాలులో 1859 నుండి బెల్జియం దేశపు యేసుసభ గురువులు ఉన్నారు. 1886లో కలకత్తా అగ్రపీఠమూ, విశాఖపట్టణపు మేత్రాసనమూ ఒకే ఏడు ఏర్పడినవి. సావోయ్ గురువు వద్ద జపాలు నేర్చుకొన్న తెలుగువాడు రైలెక్కి వచ్చి బెల్జియం గురువు ముందు మోకరించవలసి వచ్చినది. ఒకరి తెలుగు మరొకరికి తెలియదు. అయినా పూజ ఆగలేదు. అది లాటిన్‌లో జరిగేది గదా!

లాటిన్‌ను గురించి నేడు పరిహాసంగా మాట్లాడడం సులభం. కాని ఆంగ్లో-ఇండియన్ డ్రైవరూ, తమిళ ఫిట్టరూ, సంతాలు కూలీ, తెలుగు కలాసీ ఒకే కప్పు క్రింద మోకరించినప్పుడు ఆ భాషకు ఒక గుణమున్నది: అది అందరికీ సమానంగా పరాయిది. ఎవ్వరికీ అర్థం కానిదానిపై ఎవ్వరూ తగవులాడరు. తగవు తరువాత వచ్చినది. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో ఆరాధనా విధిపై వెలువరించిన శాసనం ప్రజల భాషకు ద్వారం తెరచినది. మంచిదే. అయితే ప్రజల భాష ఏది? ఒకే భాష మాట్లాడే పల్లెలో ఈ ప్రశ్నే పుట్టదు. ఖరగ్‌పూర్ వంటి చోట ఇంగ్లీషా, హిందీయా, బెంగాలీయా, సంతాలీయా అని తలలు లెక్కించవలసినదే. తలల లెక్కలో తెలుగు ఎన్నడూ ముందు నిలువదు. కనుక తెలుగు ఇంటిలో ఉండిపోయినది: సాయంకాలపు జపమాలలో, చావు ఇంటి పాటలో, పండుగనాటి అరిసెల పళ్ళెం ముందు.

పుస్తకం మాత్రం లాటిన్‌లోనే చాలాకాలం సాగినది. దానిలో పేరు, పుట్టిన దినము, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు ఉంటారు. ప్రక్కన కొంత ఖాళీ అంచు ఉంటుంది. ఆ బిడ్డ పెరిగి ఏ ఊరి దేవాలయంలో వివాహమాడినా, ఆ ఊరి గురువు జ్ఞానస్నానం జరిగిన విచారణకు కబురు పంపవలెనన్నది శ్రీసభ నియమం. ఇక్కడి గురువు ఆ సంగతిని అంచున వ్రాసుకొంటారు. బదిలీలు, చావులు, ఉద్యోగాలు మనుషులను ఎక్కడెక్కడికో చెదరగొట్టినా, ఆ అంచుకు వారి వార్త తిరిగి వస్తుంది. 1927లో ఖరగ్‌పూర్ కర్మాగారపు కార్మికులు సమ్మె కట్టినారు. ఆ సంఘానికి నాయకుడైన వి.వి.గిరి తరువాత దేశానికి రాష్ట్రపతి అయినారు. ఇటువంటి పెద్ద సంగతులకు ఆ పుస్తకంలో గడి లేదు. ఒక కలాసీ కూతురు వాల్తేరులో పెండ్లాడినదన్న సంగతికి ఉన్నది.

అటువంటి కూతురు ఒకామె ఝపటాపూర్‌లో ఉన్నది. ఎనభై దాటినవి. భర్త కర్మాగారంలో పనిచేసి విరమించి గతించినాడు. పింఛను కాగితాల దగ్గర చిక్కు వచ్చినది. ఇంటిలో ఆమె మరియమ్మ. భర్త ఉద్యోగపు దస్త్రంలో మేరీ. ఇద్దరూ ఒకరేనని ఋజువేమి అని గుమాస్తా అడిగినాడు. అతని తప్పు కూడా కాదు. అతని ముందున్న గడి ఒక్క పేరుకే సరిపోతుంది. ఆమె మనుమరాలి చేయి పట్టుకొని గురుగృహానికి వెళ్ళినది. పుస్తకం తెరిస్తే మూడవ పేరు కనబడినది: మరియా. అంచున, మరొకరి చేతివ్రాతతో, వాల్తేరు అనీ, భర్త పేరూ ఉన్నవి. గురువు ఆ పంక్తికి నకలు వ్రాసి ముద్ర వేసి ఇచ్చినారు. ఆమె ముద్రను చూడలేదు. భర్త పేరున్నచోట వ్రేలు పెట్టి, చదువరాని అక్షరాల మీద కొంతసేపు అలాగే ఉంచినది.

మనుమరాలికి తెలుగు మాట వచ్చును, లిపి రాదు. చదువు ఇంగ్లీషులోను, హిందీలోను సాగినది. ఆ రాత్రి అమ్మమ్మ జపాలను తన నోటుపుస్తకంలో నాగరి అక్షరాలతో ఎక్కించుకొనడం మొదలుపెట్టినది. వ్రాసుకొనగలిగినది గాని, హిందీ అక్షరమాల తెలుగుకు చాలదు. దానిలో ఎకార ఏకారాలకు భేదం లేదు. నెలా, నేలా ఒకటే అవుతవి. అమ్మమ్మ పలికే ‘ళ’కారానికి ఆ పిల్ల నేర్చిన హిందీలో అక్షరమే లేదు. మంగళవార్త జపానికి శీర్షిక వ్రాసుకొని, చదివి వినిపించినది.

‘మంగలి కాదే పిల్లా, మంగళం’ అన్నది ముసలామె, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతూ. ‘మంగలాయన వార్త తెచ్చినాడా ఏమిటి మరియమ్మ తల్లికి?’

పిల్ల కూడా నవ్వినది. ‘ల’ క్రింద పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకొని, మళ్ళీ మొదటినుండి చదివినది.