గేటు ముందు యాభై అడుగులు

అద్దంకిలో ఓ బడి. గంట ఇంకా కొట్టలేదు. అప్పటికే గేటు ముందు మూడు వరసల్లో మోటారు సైకిళ్లు, వాటి వెనక ఆటోలు, మార్జిన్‌లో రెండు కార్లు. సైడు కాలువ మీద పలకలు పరిచిన కాస్త జాగాలో బజ్జీల బండి.

ఇటు మేదరమెట్ల దగ్గర చెన్నై రహదారిని, అటు నార్కెట్‌పల్లి దగ్గర హైదరాబాద్ రహదారిని కలిపే రోడ్డు అద్దంకి మీదుగానే పోతుంది. మిరప కోతల రోజులేమో, గుంటూరు మిర్చి యార్డుకు బస్తాలు వేసుకెళ్లే లారీలకు బల్లికురవ గ్రానైట్ బండ్లు తోడయ్యాయి.

గంట కొట్టారు. ఆరో తరగతి చదువుతుందేమో, ఓ పాప రెండు ఆటోల సందులోంచి బయటికి రాబోయి ఆగింది. తల బయట పెడితేగానీ ఆమెకు రోడ్డు కనపడదు; తల బయట పెట్టిందంటే అప్పటికే రోడ్డు మీదున్నట్టు. వచ్చే బండివాడికీ అప్పటిదాకా ఆమె కనపడదు. పిల్లలు దూకుడుగా రోడ్డు దాటుతారని తిట్టేవాళ్లు కాసేపు అక్కడ నిలబడి చూడాలి.

పీఈటీ మాస్టారు విజిల్ నోట్లోంచి తీసి, "ఆటోవాళ్లు వింటారండీ, పేరెంట్సే వినరు" అన్నారు. ఆటో డ్రైవర్‌ది ఇంకో మాట: "గీత గీసి ఇక్కడ ఆపమంటే ఆపుతాం సార్. గీతేదీ?" బండి దిగకుండా కొడుకు కోసం చూస్తున్న తండ్రి "ఒక్క నిమిషమేగా" అన్నాడు. అందరిదీ ఒక్క నిమిషమే.

బడి గేటు దగ్గర బండి నిలపకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే చెప్పారు. నడకదారి పౌరుల జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవాళ్లే.

కాస్త ముందు ఓ స్పీడ్ బ్రేకర్ ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. ఇది ఇరుకు, నిటారు. మీద రంగు లేదు. నడుం విరుగుతుందని బైకులన్నీ దాని కొస పక్కనుంచి, పిల్లలు నడిచే మార్జిన్‌లోంచే దూసుకెళ్తున్నాయి. వేగం తగ్గించాలని కట్టింది కాస్తా బండ్లను పిల్లల మీదికే మళ్లిస్తోంది. ఇలాంటిది లేకపోయినా నష్టం లేదు.

నన్నడిగితే మొదటి పని గేటుకు అటూఇటూ యాభై అడుగులు ఖాళీ చేయించడం. క్వారీల్లో పనికిరాని రాళ్లు గుట్టలుగా పడున్న ప్రాంతమిది. వాటిని వరసగా పాతితే బండి దూరదు. ఆ రాళ్లకు ఇవతల 1.8 మీటర్ల, అంటే దాదాపు ఆరడుగుల బాట. చిన్న తరగతులను పది నిమిషాలు ముందుగా వదిలితే సగం తోపులాట అక్కడే తగ్గుతుంది. బజ్జీల బండిని తోలేయక్కర్లేదు, రాళ్లకు అవతల ఓ చోటు చూపితే సరి. సాయంత్రం పిల్లలు ఆడుకునే పార్కుల ముందూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

బళ్లు మళ్లీ తెరిచేది జూన్‌లో. పురపాలకులు, పోలీసులు, ప్రధానోపాధ్యాయులు వేసవి సెలవుల్లోనే ఈ పని ముగించాలి. తల్లిదండ్రులు మాత్రం అందాకా ఆగనక్కర్లేదు. రేపటి నుంచే బండి గేటుకు యాభై అడుగుల అవతల ఆపి, నాలుగడుగులు నడిచి పిల్లల్ని తెచ్చుకోండి. దీనికి టెండరు అక్కర్లేదు.