వెనక టైరు

మా బండి వెనక టైరు అరిగిపోయింది. నెల రోజులు వీడియోలు చూసి సాఫ్ట్ కాంపౌండ్ రేడియల్ ఒకటి ఫిక్సయ్యాను. దాని పక్కన 63హెచ్ అని ఉంటుంది. 63 అంటే 272 కేజీలు మోస్తుంది, హెచ్ అంటే 210 స్పీడు తట్టుకుంటుంది. మా 150 సీసీ బండి వంద దాటితే వణుకుతుంది, అది వేరే విషయం.

గాజువాక షాపులో అన్న ఒక్కటే అడిగాడు, "రోజూ ఏ రోడ్డు?"

మల్కాపురం, సింధియా మీదుగా కాన్వెంట్ జంక్షన్. అంటే పోర్టు లారీలు, కారిన డీజిలు, బొగ్గుపొడి. తొలి వాన నాలుగు చినుకులు పడితే చాలు, అంతా జిడ్డు పేస్టే. కిందటేడాది అక్కడే జారాను. మోకాలి దెబ్బ ఇంట్లో బాస్కెట్‌బాల్ ఖాతాలో రాశాను.

"ఇది వేడెక్కితేనే బాగా పట్టుకుంటాది తమ్ముడూ. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగితే ఎక్కడ వేడెక్కుద్ది? గాళ్లు తక్కువ, నీళ్లు బయటికి పోవు. మెత్త రబ్బరు, బేగి అరిగిపోద్ది."

బీచ్ రోడ్డులో వంపు తిరగడం ఊహించుకున్న నాకు ఏడుపొచ్చింది. కానీ బండి నాదొక్కడిదే కాదు. బి షిఫ్ట్ ఉన్న రోజు నాన్న దాని మీదే రాత్రి పదింటికి స్టీల్‌ప్లాంట్ నుంచి బయల్దేరతారు.

లోతు గాళ్లున్న మామూలు టైరే తీసుకున్నా, దాచుకున్న డబ్బుల్తో. వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు మాత్రం చూసే కొన్నా. పాత స్టాకు కాదు.

నిన్న వానలో నాన్న తడిసి వచ్చారు. టైరు ఎలా ఉందని అడిగాను.

"మార్చేవా?" అన్నారు, తువ్వాలు వెతుక్కుంటూ.