పిడికిలి, చిటికె, బకెట్టు

ఈ పత్రికను మీరు ఇప్పుడు ఎలా పట్టుకున్నారో ఒకసారి చూసుకోండి. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద. అరచెయ్యి కాగితానికి తగలడం లేదు. ఇది ఒక రకం పట్టు. తడి గుడ్డను గట్టిగా పిండితే అది ఇంకో రకం. కూరగాయల సంచి మోసుకుంటూ బజారు నుంచి ఇంటికి వస్తే అది మూడో రకం. ఈ మూడూ వేరువేరని నాకు నలభై రెండేళ్లు వచ్చేదాకా తెలియదు. తాయిఫ్‌లో చెయ్యి విరిగాక తెలిసింది.

మాది మారిషస్. మా ముత్తాత కోరంగి రేవులో ఓడ ఎక్కి చెరకు తోటలకు వచ్చాడని ఇంట్లో చెబుతారు. నేను ఎలక్ట్రీషియన్‌ని. తాయిఫ్‌లో ఒక కంపెనీ భవనాల్లో కరెంటు పని చూసేవాణ్ని. సౌదీ అనగానే మీకు ఎడారి గుర్తుకొస్తుంది కదా, తాయిఫ్ అలా ఉండదు. సముద్రమట్టానికి 1,800 మీటర్ల పైన ఉన్న కొండ ఊరు. మక్కా వైపు నుంచి అల్ హదా ఘాట్ రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. చలికాలం రాత్రుల్లో నాకు రెండు దుప్పట్లు కావలసి వచ్చేవి.

జనవరిలో ఒక రోజు మెట్ల మీద జారి కుడి చెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. అది విప్పిన రోజు ఫిజియోథెరపిస్టు నా చేతికి డైనమోమీటర్ ఇచ్చాడు. పిడి ఉన్న చిన్న యంత్రం అది. మోచెయ్యి మడిచి, పక్కటెముకల దగ్గర ఉంచి, పిడిని నొక్కాలి. మూడుసార్లు నొక్కించి చూస్తారు. ఎడమ చెయ్యి 41 కిలోలు, కుడి చెయ్యి 11. వైరు కత్తిరించలేని ఎలక్ట్రీషియన్‌ని ఎవరు ఉంచుకుంటారు? జూన్‌లో నా ఇకామా గడువు అయిపోతుంది. ఇంటి దగ్గర అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి.

నొక్కడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చి పంపారు. రోజూ గది బయట కూర్చుని దాన్నే పిసికేవాణ్ని. పక్క గదిలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అన్న ఉండేవాడు, గులాబీ తోటలో పని. వారాంతపు తరగతుల్లో నేర్చుకున్న నా తెలుగుకు ఆయన మాట మొదట్లో అందేది కాదు. నేను "చేస్తున్నావు" అంటే ఆయన "చేస్తున్నవ్" అనేవాడు. నేను "వస్తుంది" అంటే ఆయన "వస్తది" అనేవాడు. మీకూ ఇలాంటి అన్న దొరికితే సిగ్గుపడకుండా మళ్లీ చెప్పమనండి. రెండూ తెలుగే.

ఒక సాయంత్రం నన్ను చూసి నవ్వాడు. "ఏంది తమ్మీ, పొద్దంత గా బంతినే పిసుకుతున్నవ్? బకెట్టు లేపుకొని నడువొస్తదా?"

సగం నీళ్లున్న బకెట్టు పట్టుకుని పది అడుగులు వేశాను. వేళ్లు వాటంతట అవే విడిపోయాయి. నీళ్లన్నీ నా చెప్పుల మీదే.

అరచేతిలోకి వేళ్లు ముడిచి నొక్కే బలం వేరు, దాన్ని బంతి పెంచుతుంది. బరువును జారకుండా ఎక్కువసేపు నిలిపి ఉంచే బలం వేరు, దానికి బరువే మొయ్యాలి. బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య వస్తువును బిగించే బలం మూడోది. మొదటి రెండిట్లో పని ఎక్కువగా ముంజేతిలోని కండరాలది. వాటి నుంచి తాళ్లలాంటి స్నాయువులు మణికట్టు దాటి వేళ్ల దాకా వెళ్తాయి. చిటికె పట్టులో బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే కండ కూడా బాగా కష్టపడుతుంది.

ఇప్పుడు పత్రిక పక్కన పెట్టండి. మణికట్టును పూర్తిగా లోపలికి వంచి, అలాగే పిడికిలి బిగించండి. బిగియదు. ఇప్పుడు మణికట్టును కాస్త వెనక్కి ఎత్తి బిగించండి. తేడా తెలిసిందా? విరిగిన మణికట్టు సరిగా వెనక్కి వంగకపోవడం వల్లే నా పిడికిలి అంత బలహీనపడింది. అంటే ముందు మణికట్టు వంపు రావాలి, బలం ఆ తర్వాత.

మన భాషకు ఈ తేడాలు ముందే తెలుసని నాకనిపిస్తుంది. చిటికెడు ఉప్పు అంటాం, పిడికెడు బియ్యం అంటాం, గుప్పెడు పల్లీలు అంటాం. రెండు చేతులూ కలిపితే దోసెడు. కొలతల పేరుతో మా నాయనమ్మ నేర్పిన మాటలివి. నేను కొత్త చేతికి వాటినే పాఠాలుగా పెట్టుకున్నాను.

పిడికిలికి తువ్వాలు: తడిపి, రెండు చేతులతో మెలిపెట్టి పిండాలి. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. మోతకు బకెట్టు: మొదట పావు బకెట్టు నీళ్లతో ముప్పై అడుగులు, అది సులువైతే ఇంకో రెండు చెంబులు పోయడం. ఏప్రిల్ వచ్చాక, డాక్టరు సరేనన్నాక, తలుపు మీది ఇనుప కడ్డీ పట్టుకుని వేలాడడం మొదలుపెట్టాను. మొదటి రోజు నాలుగు సెకన్లు. (నవ్వకండి, మీరూ ప్రయత్నించండి.) చిటికెకు పుస్తకం: లావుపాటి పుస్తకాన్ని అట్టల దగ్గర వేళ్లతో పైనుంచి పట్టుకుని ఎత్తి ఉంచడం. వేళ్లు విప్పే కండరాల సంగతి అందరూ మరిచిపోతారు. వాటికి బియ్యం డబ్బా. చెయ్యి బియ్యంలో ముంచి వేళ్లు విప్పాలి. ఆ బియ్యం కడిగి వండుకున్నాం కూడా. రోజు మార్చి రోజు చేసేవాణ్ని. మర్నాటికీ నొప్పి ఉంటే తగ్గించేవాణ్ని.

ఇదంతా ఉద్యోగం కోసమే అనుకోకండి. 2015లో లాన్సెట్ పత్రికలో 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని పరిశీలించిన అధ్యయనం ఒకటి వచ్చింది. మన వాళ్లున్న దక్షిణాఫ్రికా, మలేషియా, ఇండియా కూడా వాటిలో ఉన్నాయి. చేతిపట్టు 5 కిలోలు తక్కువైన కొద్దీ మరణించే ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. పట్టు పెంచుకుంటే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. ఒంట్లో మొత్తం బలం ఎలా ఉందో చెయ్యి చెబుతుంది, అంతే.

మార్చి చివర ఒక శుక్రవారం అన్న నన్ను తోటకు తీసుకెళ్లాడు. తాయిఫ్ గులాబీ పూసేది వసంతంలో కొన్ని వారాలే. ఎండ ఎక్కితే పూలలోని నూనె ఆవిరైపోతుంది కాబట్టి తెల్లవారుజామునే కోస్తారు. ఒక తులం అత్తరు నూనెకు సుమారు 12,000 పూలు కావాలి. 2024లో ఈ గులాబీ సంప్రదాయాలను యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితా మాట నేను చెబితే అన్న "మంచిదే" అని మళ్లీ పూల మీద పడ్డాడు.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. పువ్వు కింద పట్టుకుని చిన్న మెలిక. టప్. నేను ఎడమ చేత్తో మొదలుపెట్టాను, మంచి చెయ్యి కదా అని. అరగంటకు 41 కిలోల చెయ్యి బొటనవేలి దగ్గర పీకడం మొదలైంది. డైనమోమీటర్ ఆ బలాన్ని అడగనే లేదు.

అప్పుడే అన్న చెయ్యి గమనించాను. పది పూలకోసారి ఆగి బొటనవేలి మొదలు నలుపుకుంటున్నాడు. కాసేపటికి నీళ్ల సీసా నా వైపు చాపి "తమ్మీ, మూత తియ్" అన్నాడు. నిండు బకెట్లు రెండు చేతులా మోసే మనిషి.

"ఎన్నాళ్ల నుంచి అన్నా?"

"రెండేండ్లాయె. మేస్త్రికి చెప్పకు."

చిటికె పట్టినప్పుడు వేలి కొన మీద పడే బరువు బొటనవేలి మొదటి కీలులో ఎన్నో రెట్లవుతుంది. ఏళ్ల తరబడి పూలు కోస్తే ఆ కీలు అరుగుతుంది. దానికి ఇంకా గట్టిగా చిటికె పట్టించడం సాధన కాదు. నా ఫిజియోథెరపిస్టును బతిమాలి ఆయన చెయ్యి చూపించాను. బొటనవేలికి పట్టీ వేసుకోమన్నాడు, సన్న పిడి ఉన్న పనిముట్లను లావు చేసుకోమన్నాడు. పిడి లావైతే అరచెయ్యి మొత్తం పని పంచుకుంటుంది.

మే నెలాఖరుకు నా కుడి చెయ్యి 33కు వచ్చింది. ఇకామా కొనసాగించారు. పూల కాలం అయిపోయి, అన్న కొమ్మలు కత్తిరించే పనిలో పడ్డాడు. ఆయన కత్తెర తెచ్చుకుని గది బయట కూర్చున్నాను. పిడులకు ముందు పాత బనియను గుడ్డ చుట్టి, దాని మీద నా ఇన్సులేషన్ టేపు పొరలు పొరలుగా వేశాను. ఆయన పట్టుకుని చూసి "ఇంకింత" అన్నాడు. నల్ల టేపు అయిపోయింది. మిగతాది ఎర్రది చుట్టాను.